కంటికి పొర కప్పితే... చూపు నిలుస్తుందట!

కాన్పు అయ్యాక మాయని ఏం చేస్తారు? మన అమ్మమ్మల కాలంలో అయితే దాన్ని కుండలో పెట్టి, కుక్కలూ పిల్లులూ తవ్వకుండా పెరట్లో లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టించేవారు. ఇప్పుడు కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే కాబట్టి పసుపు రంగు సంచిలో వేసి కాల్చడానికి పంపేస్తున్నారు. బిడ్డ బయటపడ్డాక మాయ సంగతి ఎవరికి పడుతుంది చెప్పండి! పైగా పురిటి మైల!

కానీ ఆ మాయని అంటిపెట్టుకుని, తొమ్మిది నెలలూ ఉమ్మనీటిని పట్టి ఉంచిన సంచి ఒకటుంటుంది. ఆ సంచి లోపలి పొరని కంటి డాక్టర్లు మాత్రం బంగారంలా దాచుకుంటున్నారు. లేజర్ ఆపరేషన్ తర్వాత మానని పుండుకీ, సున్నం పడి కాలిన కంటికీ దాన్నే కప్పుతున్నారు. "కళ్ళకి పొరలు కమ్మాయా?" అని మనం కోప్పడుతూ ఉంటాం కదా... ఈ పొర కమ్మితే చూపు నిలుస్తోంది మరి!

అదెలాగో తెలుసుకోవాలంటే ముందు లేజర్ ఆపరేషన్‌లో అసలేం చేస్తారో తెలియాలి. ఎందుకంటే ఇవాళ పెళ్ళీడుకొచ్చిన అమ్మాయి ఉన్న ఇళ్ళల్లో చాలాచోట్ల ఈ మాట వినబడుతూనే ఉంది. "కళ్ళజోడు తీయించేస్తే సంబంధాలు తేలిగ్గా కుదురుతాయి" అని ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉంటారు. (అబ్బాయి కళ్ళజోడు తీయించమని సలహా ఇచ్చినవాళ్ళని మాత్రం నేనింతవరకూ చూళ్ళేదు!)

సీమకోడి ముక్కతో మొదలైన కథ

నల్లగుడ్డు మీద, చేతి గడియారానికి అద్దంలాగా, పారదర్శకమైన పొర ఒకటుంటుంది. దాన్నే కార్నియా అంటారు. మధ్యలో దాని మందం అరమిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ, అంతే! ఆ అద్దం వంపుని కొద్దిగా మారిస్తే వెలుతురు సరిగ్గా కంటి వెనక తెర మీద పడి, కళ్ళజోడు అక్కర్లేకుండా కనిపిస్తుంది. ఆ వంపుని చెక్కే పనిముట్టే ఎక్సైమర్ లేజర్.

దీని వెనక మన పక్క రాష్ట్రంవాడి చెయ్యి ఉంది. మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ అనే శాస్త్రవేత్త అమెరికాలో ఐబీఎం కంపెనీ పరిశోధనశాలలో పనిచేసేవారు. 1981 నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, ఇంట్లో విందులో మిగిలిపోయిన టర్కీ కోడి ముక్కని ల్యాబుకి పట్టుకెళ్ళి దాని మీద ఈ లేజర్ కొట్టి చూశారు. మామూలు లేజర్ అయితే మాంసం మాడుతుంది. ఇది మాత్రం చుట్టుపక్కల ఎక్కడా కమరకుండా కత్తితో కోసినంత శుభ్రంగా కోసేసింది! మిగిలిపోయిన కూరని పారెయ్యకపోవడం వల్ల ఇంత లాభం ఉంటుందని ఎవరనుకుంటారు? ఆ తర్వాత స్టీఫెన్ ట్రోకెల్ అనే కంటి డాక్టరు దీన్ని కార్నియాకి వాడవచ్చునని గుర్తించారు. 1995లో అమెరికా ప్రభుత్వం ఈ చికిత్సకి అనుమతి ఇచ్చింది.

ఇందులో రెండు ముఖ్యమైన పద్ధతులు ఉన్నాయి. అందరి నోటా నలిగేది లాసిక్. కార్నియా పైభాగాన్ని ఒక పక్క అంటి ఉండేలా పల్చటి మూతలా లేపి, కింద లేజర్‌తో చెక్కి, మళ్ళీ మూత వేసేస్తారు. మర్నాటికే చూపు దాదాపు తేటపడుతుంది. కార్నియా పల్చగా ఉంటే ఇలా మూత లేపడం మంచిది కాదు. అప్పుడు పీఆర్‌కే అనే రెండో పద్ధతి చేస్తారు. కార్నియా మీద చర్మంలా ఉండే పైపొరని మొత్తం తుడిచేసి, బయటపడ్డ భాగాన్ని లేజర్‌తో చెక్కుతారు. లేజర్ ఒక్కో దెబ్బకి మిల్లీమీటరులో సుమారు నాలుగువేలవ వంతు మాత్రమే లేస్తుందిట!

తుడిచేసిన పైపొర మళ్ళీ పెరగాలి. అంచుల నుంచి కణాలు పాకుతూ వచ్చి నాలుగైదు రోజుల్లో గాయాన్ని మూసేస్తాయి. కార్నియాలో నొప్పి తెలిపే నరాలు చర్మంలో కన్నా ఎన్నో రెట్లు దట్టంగా ఉంటాయి. ఇసుక రేణువు పడితేనే ప్రాణం విలవిల్లాడుతుంది కదా, అలాంటిది పైపొర మొత్తం లేకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి! అందుకే ఆ నాలుగైదు రోజులూ నొప్పి తగ్గడానికి పవర్ లేని పల్చటి కాంటాక్ట్ లెన్స్‌ని కట్టులాగా వేసి ఉంచుతారు.

నూటికి చాలామందికి కథ ఇంతటితో కంచికి వెళ్ళిపోతుంది. కానీ కొందరిలో గాయం మానేటప్పుడు లోపలి కణాలు అతిగా పనిచేసి మచ్చ పదార్థాన్ని తయారుచేస్తాయి. అప్పుడు అద్దం మీద ఆవిరి పట్టినట్టు చూపు మసకబారుతుంది. మైనస్ 6కి మించిన పవర్ ఉన్నవాళ్ళల్లో, అంటే ఎక్కువ లోతు చెక్కవలసి వచ్చినవాళ్ళల్లో, ఈ మసక వచ్చే అవకాశం ఎక్కువ. ఇంకా కొందరికి అసలు పైపొరే మూసుకోదు. వారం దాటినా, పది రోజులైనా పుండు పుండులాగే ఉంటుంది. తెరిచిన పుండులో సూక్ష్మక్రిములు చేరితే చూపుకే ముప్పు. ఉమ్మనీటి పొర అవసరం పడేది ఇలాంటి చోట్లే!

తీగకి పందిరి వేసినట్టు...

ఈ పొర ఎలా ఉంటుందంటారా? ఆత్రేయపురం పూతరేకు విప్పి చూశారు కదా? వెలుతురుకి పెడితే అవతలి చెయ్యి కనిపిస్తుంది. ఇదీ అంత పల్చనే. కాకపోతే పూతరేకులా విరిగిపోదు, సాగుతుంది. అరమిల్లీమీటరుకి మించదు. చాలాచోట్ల అంతకన్నా బాగా పల్చన. ఇందులో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. ఉమ్మనీటి సంచికి రెండు పొరలు అంటుకుని ఉంటాయి. వెల్లుల్లి రెబ్బ మీది గులాబి పొరని గోటితో వలిచినట్టు లోపలి పొరని నెమ్మదిగా వేరుచేస్తారు.

ఇది కంటి మీద ఏం చేస్తుంది? మొదటిది, పందిరి పని. బీరతీగ నేల మీద వదిలేస్తే ఎటు పాకాలో తెలియక ఒకచోటే చుట్టుకుంటుంది. పందిరి వేస్తే సరసరా అల్లుకుపోతుంది. కార్నియా కణాలూ అంతే. వాటికి పట్టు దొరికే నేల కావాలి. ఈ పొర అడుగున ఉండే అల్లిక, కార్నియాలో సహజంగా ఉండే అల్లికలాంటిదే. కణాలు దాన్ని పట్టుకుని పాకుతూ పుండుని మూసేస్తాయి. రెండోది, వాపుని తగ్గిస్తుంది. మూడోది, మచ్చ కట్టమని చెప్పే సంకేతాలని అణచిపెడుతుంది. పుండులోకి కొత్త రక్తనాళాలు చొచ్చుకుని రాకుండానూ చూస్తుంది. ఇవన్నీ కాక, రెప్ప కొట్టుకున్నప్పుడల్లా పుండు మీద రాపిడి పడకుండా అడ్డం ఉంటుంది.

"వేరేవాళ్ళ శరీరంలోని పొర మన ఒంటికి పడుతుందా?" అని అడుగుతారేమో. కిడ్నీ మార్పిడి చేస్తే జీవితాంతం మందులు మింగాలని విన్నాం కదా! ఈ పొర విషయంలో ఆ బాధ దాదాపు లేదు. ఇది పరాయిది అని ఒంటికి పసిగట్టనిచ్చే గుర్తులు దీని మీద చాలా తక్కువ. సగం తండ్రి పోలికతో ఉన్న బిడ్డని తల్లి శరీరం తొమ్మిది నెలలు భరించిందంటే, మధ్యలో ఉన్న వ్యవస్థ ఎంత నేర్పుగలదో చూడండి.

దీన్ని వేసే తీరూ రెండు రకాలు. ఒకటి మాసిక వేసినట్టు. పుండు లోతుగా ఉంటే గుంటలో ఈ పొరని అతికిస్తారు. కణాలు దాని మీదుగా పెరిగి, పొర కంటిలో కలిసిపోతుంది. రెండోది దుప్పటి కప్పినట్టు. పైన కప్పితే కణాలు దాని కింద పెరుగుతాయి, కొన్నాళ్ళకి పొర కరిగిపోతుంది, లేదా డాక్టరే తీసేస్తారు. సన్నటి కుట్లతోనో, ఫైబ్రిన్ అనే జిగురుతోనో నిలబెడతారు. 2003 నుంచి అమెరికాలో ప్లాస్టిక్ రింగుకి పొరని బిగించి అమ్ముతున్నారు. కాంటాక్ట్ లెన్స్ పెట్టినట్టు కంట్లో పెట్టేయడమే, కుట్లతో పనిలేదు. అది ఉన్నన్నాళ్ళూ కంట్లో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది, చూపు మసకగా ఉంటుంది. ఆ సంగతి ముందే తెలిస్తే కంగారు ఉండదు.

యాభై ఏళ్ళు మరిచిపోయారు!

ఈ ఆలోచన నిన్నటిదీ మొన్నటిదీ కాదు. 1910లోనే అమెరికాలో డేవిస్ అనే డాక్టరు చర్మపు గాయాలకి ఈ పొరలని వాడారు. 1940లో డి రోత్ అనే ఆయన కంటికి వాడి చూశారు. 1946లో ఇంగ్లండులో సోర్స్‌బీ అనే డాక్టరు, రసాయనాలు పడి కాలిన కళ్ళకి కప్పి మంచి ఫలితాలు చూపించారు. తర్వాత వైద్యలోకం దీని మాటే మరిచిపోయింది. మళ్ళీ 1995లో కిమ్, సెంగ్ అనే ఇద్దరు డాక్టర్లు కుందేళ్ళ కళ్ళ మీద ప్రయోగం చేసి చూపించాకే అందరి చూపూ ఇటు మళ్ళింది.

లేజర్ తర్వాత వచ్చే మసక మీద పనిచేసినవారు డాక్టర్ మింగ్ వాంగ్. చైనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈయన ముందు లేజర్ భౌతికశాస్త్రం చదివి తర్వాత కంటి డాక్టరయ్యారు. లేజర్‌తో చెక్కిన కుందేళ్ళ కళ్ళకి ఈ పొర కప్పితే మసక తగ్గుతోందని ఆయన బృందం 2001లో ప్రచురించింది. ఆయన జీవితం ఆధారంగా 2024లో 'సైట్' అనే సినిమా కూడా వచ్చింది.

అలాగని లేజర్ చేయించుకున్న ప్రతివాళ్ళకీ ఈ పొర వేస్తారనుకోకండి. మామూలుగా మానే కంటికి దీని అవసరమే లేదు. మసక రాకుండా చాలామంది డాక్టర్లు ఆపరేషన్ సమయంలో మైటోమైసిన్ అనే మందుని కొద్ది క్షణాలు అద్ది కడిగేస్తారు, తర్వాత చుక్కల మందు ఇస్తారు. పొర అనేది మొండికేసిన పుండుకి. "మా ఆసుపత్రిలో అందరికీ పొర వేస్తాం" అని ఎవరైనా ఎక్కువ డబ్బు అడిగితే, ఎందుకని అడగడం మీ హక్కు!

"ఎవరి మైలో ఏమిటో!"

మా బంధువుల్లో ఒకమ్మాయి, వరసకి నాకు మేనకోడలవుతుంది. మైనస్ 7 పవరు. మాఘమాసంలో పెళ్ళి కుదిరింది. ముహూర్తానికి నెలన్నర ఉందనగా మా వదిన పట్టుబట్టి లేజర్ చేయించింది. కార్నియా పల్చగా ఉందని పీఆర్‌కే చేశారు. ఎడమ కన్ను ఐదో రోజుకి మూసుకుంది. కుడి కన్ను పదో రోజుకీ మూసుకోలేదు. నీళ్ళు కారడం, వెలుతురు చూడలేకపోవడం, రాత్రంతా మూలుగు... ఆ పిల్ల అవస్థ చూడలేకపోయాం.

డాక్టరమ్మ ఉమ్మనీటి పొర పెడదామంది. అదేమిటో వినగానే మా వదిన మొహం చిట్లించింది. "ఎవరి పురుడో, ఎవరి మైలో ఏమిటో! అది తెచ్చి మా పిల్ల కంట్లో పెడతారా డాక్టరు గారూ? పెళ్ళి కావలసిన పిల్ల!"

డాక్టరమ్మ విసుక్కోలేదు. "మీ అమ్మాయి కూడా తొమ్మిది నెలలు అందులోనే పెరిగిందమ్మా" అంది.

వదిన ఇంకా ఏదో అనబోతుంటే, చేతిరుమాలు కంటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న ఆ పిల్లే, "అమ్మా, నువ్వుండు. పెట్టండి మేడమ్" అనేసింది.

రింగుతో ఉన్న పొరే పెట్టారు. ఆరో రోజున తీసి చూస్తే పుండు మూసుకుంది. కొద్దిగా మసక మిగిలింది. చుక్కల మందు వేస్తూ ఉంటే అది తేటపడడానికి మూడు నెలలు పట్టింది. ఈలోగా ఇంట్లో పెద్ద చర్చ. అబ్బాయి తరఫువాళ్ళకి చెప్పాలా, వద్దా? మా అన్నయ్య వద్దన్నాడు, అత్తయ్య చెప్పాలంది. వీళ్ళు తేల్చేలోపే అమ్మాయి స్వయంగా ఆ అబ్బాయికి ఫోన్ చేసి చెప్పేసింది. "ముహూర్తం మారిస్తే పోయె, దానికేం" అన్నాడట. మాఘంలో కావలసిన పెళ్ళి వైశాఖంలో అయింది. ఇంతకీ అతనికి మైనస్ 4 కళ్ళజోడు!

కాబట్టి లేజర్ అనుకునేవాళ్ళు పెళ్ళి తేదీకి కనీసం నాలుగైదు నెలల ఎడం ఉంచుకోండి. పద్దెనిమిదేళ్ళు నిండాలి. ఏడాదిగా పవర్ మారకుండా ఉండాలి. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు చేయరు. పరీక్షకి వెళ్ళే ముందు ఎన్నాళ్ళు కాంటాక్ట్ లెన్సులు మానెయ్యాలో డాక్టర్ని అడిగి అలాగే చెయ్యండి, లేకపోతే కొలతలు తప్పుతాయి. కళ్ళు పొడిబారే గుణం, అదుపులో లేని షుగరు, ఎప్పుడైనా కంట్లో వచ్చిన హెర్పిస్ పుండు, మొటిమలకి మింగే ఐసోట్రెటినోయిన్ మాత్రలు... ఇవేవీ దాచకుండా చెప్పాలి. పెళ్ళికూతుళ్ళు మొటిమల మాత్రలూ, లేజరూ ఒకేసారి మొదలుపెడుతున్నారు. పుండు మానడం ఆలస్యం కావడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఆపరేషన్ అయ్యాక ఘాటు తిరగమోతలకీ, మిరపకాయలు వేయించే పొగకీ కొన్నాళ్ళు దూరంగా ఉండాలి. కాటుక, కుంకుడుకాయ రసంతో తలంటు డాక్టరు సరేననే దాకా వద్దు. కన్ను నలపకూడదు. ఎండలోకి వెళ్తే నల్లకళ్ళజోడు తప్పనిసరి, ఎండలోని కిరణాలు మసకని పెంచుతాయి. చుక్కల మందు బాగా పనిచేసిందని మీ అంతట మీరు కొనుక్కుని నెలల తరబడి వేసుకోకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే కంటిలో ఒత్తిడి పెరిగి మరో ముప్పు తెస్తుంది.

సున్నం డబ్బీ ఎక్కడుంది?

లేజర్ కొందరి ఇళ్ళ సంగతి. తాంబూలంలోకి వాడే సున్నం మాత్రం చాలా ఇళ్ళల్లో ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో వచ్చే తడి సున్నాన్ని పిల్లలు నొక్కి ఆడుతుంటే, అది పగిలి సూటిగా కంట్లోకి చిమ్ముతుంది. సున్నం కార్నియాని కాల్చడమే కాదు, నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలని కూడా చంపేస్తుంది. కార్నియా పైపొర జీవితాంతం పుట్టుకొచ్చేది ఆ మూలకణాల నుంచే. అవి పోతే కన్ను ఎర్రటి పొర కమ్మి, తెల్లగా పువ్వు వేసి, చూపు పోతుంది.

అలాంటి కళ్ళకి దారి చూపించింది మన హైదరాబాదే. అప్పట్లో బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టర్ వీరేందర్ సింగ్ సంగ్వాన్, ఆయన సహచరులు 2012లో ఒక సులువైన పద్ధతిని ప్రకటించారు. బాగున్న రెండో కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిది, పది చిన్న ముక్కలు చేస్తారు. పాడైన కంటి మీద ఉమ్మనీటి పొర పరిచి, దాని మీద ఆ ముక్కలని నారు నాటినట్టు జిగురుతో అతికిస్తారు. నారు అల్లుకుని పైపొర అవుతుంది. అంతకుముందు ఆ కణాలని ల్యాబులో వారాల తరబడి పెంచవలసి వచ్చేది. ఇప్పుడు ఒక్క ఆపరేషన్‌తో సరి. కాలిన 125 కళ్ళకి ఈ చికిత్స చేసి ఎక్కువకాలం గమనిస్తే, 76 శాతం కళ్ళల్లో ఫలితం నిలిచిందని 2016లో ప్రచురించారు. ఇతర దేశాలవాళ్ళూ దీన్ని అనుసరిస్తున్నారు.

అయినా అంతవరకూ తెచ్చుకోవడం ఎందుకు? కంట్లో సున్నం పడితే ఆ నిమిషమే, ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా, రెప్పలు విడదీసి మంచినీళ్ళు ధారగా పోస్తూ అరగంట కడగండి. రెప్పల కింద ఇరుక్కున్న ముక్కలని తడి గుడ్డ అంచుతో తీసెయ్యండి. నెయ్యి, ఆముదం, చనుబాలు... ఇవేవీ పోయకూడదు. కడిగాకే ఆసుపత్రికి పరుగెత్తండి. మొదటి రోజుల్లోనే ఉమ్మనీటి పొర కప్పితే కన్ను చాలావరకూ దక్కే అవకాశం ఉంది.

మరి ఈ పొర ఎవరిస్తారు?

తల్లులే! ముందే తేదీ అనుకుని చేసే సిజేరియన్ కాన్పుల్లోంచే దీన్ని తీసుకుంటారు. మామూలు కాన్పులో బయటికి వచ్చేటప్పుడు సూక్ష్మక్రిములు అంటుకుంటాయి కనుక అది పనికిరాదు. తల్లి అనుమతి తీసుకుని, ఎయిడ్స్, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ లేవని రక్తపరీక్ష చేస్తారు. మాయని రక్తం పోయేలా కడిగి, యాంటీబయోటిక్ మందులు కలిపిన ద్రవంలో శుభ్రం చేసి, పొరని వలిచి, ప్రత్యేకమైన కాగితం మీద పరుస్తారు. ముక్కలుగా కత్తిరించి మైనస్ 80 డిగ్రీల చలిలో నెలల తరబడి దాస్తారు. ఒక్క మాయ నుంచి ఎన్నో ముక్కలు వస్తాయి. అవి ఎందరో కళ్ళకి సరిపోతాయి.

మీ ఇంట్లో ఎవరికైనా సిజేరియన్ తేదీ ఇచ్చి, ఆసుపత్రివాళ్ళు ఇలాంటి కాగితం మీద సంతకం అడిగితే భయపడనక్కర్లేదు. పొర తీసేది బిడ్డ పుట్టాక, మాయ బయటికి వచ్చాకే. బిడ్డకి గానీ తల్లికి గానీ ఇంకో కోత ఉండదు, ఇంకో కుట్టు ఉండదు. బొడ్డుతాడు రక్తం దాచిపెట్టమని డబ్బు కట్టించుకునే వ్యవహారం వేరు, ఇది వేరు. దీనికి మీరు పైసా కట్టనక్కర్లేదు. ఆ రక్తపరీక్షకి కాస్త రక్తం ఇవ్వాలి, అంతే.